ఏమైనా కావాలంటే చెప్పమ్మా

మా ఆయన ఐసీయూలో ఉన్నారు. రక్త క్యాన్సర్. కీమో తర్వాత ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. రక్తంలా వారాల తరబడి దాచుకునేవి కావవి, 5 రోజులే నిల్వ. అందుకే ఎప్పటికప్పుడు దాత కావాలి.

"ఏమైనా కావాలంటే చెప్పమ్మా" అని అందరూ ప్రేమగానే అంటున్నారు. కానీ ఏం కావాలో ఆలోచించే ఓపిక కూడా లేదిప్పుడు. ఎదురింటి పిన్నిగారు మాత్రం అడగలేదు. క్యారేజీ పంపి, పాపను బడి నుంచి తీసుకొచ్చేశారు. ఈసీఐఎల్ స్థాపించిన ఏఎస్ రావు గారి పేరు పెట్టుకున్న ఈ కాలనీలో ఆ సంస్థ పాతతరం వాళ్లు ఇంకా ఇలాగే ఉన్నారు. మాకెంత ధైర్యమో!

లోపలికి పంపేది కాసేపే. ఆ కాసేపూ నేను రిపోర్టుల గురించి మాట్లాడను. చేయి పట్టుకుని పాప కబుర్లు చెబుతాను. ఆయన "తిన్నావా" అంటారు.

ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి బి పాజిటివ్ వాళ్లు ఎవరైనా ఉన్నారా? 18 ఏళ్లు నిండాలి, బరువు 50 కిలోలు దాటాలి, హిమోగ్లోబిన్ 12.5 పైన ఉండాలి, గత 3 రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. మిషన్ మీద గంట, గంటన్నర పడుతుంది. ఇన్‌బాక్స్‌లో చెప్పండి, కారు పంపిస్తాను.