సాకర్ అంటే తప్పేముంది వదినా?

వదినా, రాత్రి మీ డాబా మీద మా మేనల్లుడూ అన్నయ్యా వాదించుకుంటుంటే నువ్వెలా నిద్రపోయావో గానీ, నాకు మాత్రం ఒక్క ముక్క పొల్లుపోకుండా వినిపించింది. డల్లాస్ నుంచి వచ్చాడు కదా, మాటల్లో అలవాటుగా "సాకర్" అన్నాడు. అంతే, అన్నయ్యకు ఎక్కడలేని కోపం వచ్చేసింది. అది ఫుట్‌బాల్ రా, సాకర్ అనేది అమెరికా వాళ్ళు అంటించిన పేరు, సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగినవాడివి నువ్వూ ఆ మాట అంటావా అని. వీడేమో, అక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని కోల బంతితో ఆడే ఇంకో ఆట అంకుల్, ఎదుటివాడికి అర్థం కావాలంటే సాకర్ అనక ఏమనాలి అని. పొద్దున్నే నీతో చెప్పాలని చూస్తున్నా. వీడిదే న్యాయం. మా అన్న కొడుకని చెప్పటం లేదు.

సాకర్ అమెరికా మాట కానే కాదు. ఇంగ్లండ్‌లోనే పుట్టింది, అదీ 19వ శతాబ్దం చివర్లో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళ నోట. వాళ్ళకు ప్రతి మాటనూ కత్తిరించి చివర్న "అర్" అని తగిలించే సరదా ఉండేది. రగ్బీని రగ్గర్ చేశారు. మన ఆట పూర్తిపేరు అసోసియేషన్ ఫుట్‌బాల్. ఆ అసోసియేషన్ స్పెల్లింగులోంచి ఎస్, ఓ, సి అనే మూడక్షరాలు లాగి, దానికీ అదే తోక కట్టారు. ఇంగ్లండ్ జట్టుకు కెప్టెన్‌గా ఆడిన చార్ల్స్ రెఫర్డ్ బ్రౌన్‌ను ఎవరో రగ్గర్ ఆడతావా అంటే, ఉహూ, సాకర్ ఆడతానన్నాడని ఒక కథ కూడా తిరుగుతుంటుంది.

ఆ తర్వాత ఇంగ్లండ్ వాళ్ళేం ఆ మాటను వదిలేయలేదు. చాలా ఏళ్ళు ఫుట్‌బాల్, సాకర్ రెండూ వాడుకున్నారు. అన్నయ్య దేవుడిలా చూసుకునే మాంచెస్టర్ యునైటెడ్‌ను నిలబెట్టిన మాట్ బస్బీ 1973లో తన ఆత్మకథ వేశాడు. దాని పేరు "సాకర్ ఎట్ ద టాప్, మై లైఫ్ ఇన్ ఫుట్‌బాల్". చూశావా, ఒక్క అట్ట మీదే రెండు పేర్లూ. 1980ల నుంచే అక్కడ ఆ మాట వాడకం తగ్గుతూ వచ్చింది. అమెరికాలో బాగా వినపడుతుంటే తమది కాదనుకున్నారు. తాము కన్న పేరునే పరాయిదన్నారు.

అసలు అసోసియేషన్ అనే ముక్క పేరులో ఎందుకు చేరిందో తెలిస్తే, గొడవ పేరుది కాదని, నియమాలదని అర్థమవుతుంది. ఫుట్‌బాల్ అన్న మాట చాలా పాతది. 1424లోనే స్కాట్లండ్ రాజు ఆ ఆట ఆడొద్దని చట్టం చేశాడు. కాకపోతే ఊరికో తీరు, బడికో తీరు. ఒకచోట బంతిని చేత్తో పట్టుకోవచ్చు, ఇంకోచోట కాలితో తన్నడమే. రెండు బడుల పిల్లలు కలిసి ఆడదామంటే ముందు పంచాయితీ పెట్టుకోవాల్సిందే. 1863 అక్టోబరు 26న లండన్‌లో ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే చోట క్లబ్బుల వాళ్ళు కూర్చుని ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. డిసెంబరు దాకా మళ్ళీ మళ్ళీ కూర్చున్నారు.

ఎక్కడ తెగలేదో తెలుసా? బంతి పట్టుకుని పరుగెత్తొచ్చా అన్న దగ్గర, ఎదుటివాడి ముంగాలి మీద కావాలని తన్నొచ్చా అన్న దగ్గర. బ్లాక్‌హీత్ క్లబ్బు తరఫున వచ్చిన క్యాంప్‌బెల్ అనే ఆయన, ఆ తన్నుడు తీసేస్తే ఆటలో మగతనమే ఉండదని, వారం రోజులు సాధన చేసిన ఫ్రెంచివాళ్ళు వచ్చి మిమ్మల్ని ఓడించిపోతారని గట్టిగా వాదించాడు. ఎక్కువమంది ఒప్పుకోలేదు. బ్లాక్‌హీత్ వాళ్ళు బయటికి నడిచారు. 1871లో రగ్బీ యూనియన్ పెట్టిన క్లబ్బుల్లో వాళ్ళూ ఉన్నారు. విచిత్రం ఏమిటంటే, ఆ రగ్బీవాళ్ళు కూడా కాలి మీద తన్నొద్దనే నియమం రాసుకున్నారు. అలా ఒక ఫుట్‌బాల్ అసోసియేషన్ ఫుట్‌బాల్, ఇంకోటి రగ్బీ ఫుట్‌బాల్ అయ్యాయి. రెండింటి పేరులోనూ ఫుట్‌బాల్ ఉంది కాబట్టే రగ్గర్, సాకర్ అని విడదీసి పిలవాల్సిన అవసరం వచ్చింది.

అమెరికాలో కాలేజీ పిల్లలు రగ్బీ తోవ పట్టారు. 1874లో హార్వర్డ్ వాళ్ళు కెనడా మెక్‌గిల్ వాళ్ళతో ఆడి ఆ పద్ధతి ఇష్టపడ్డారు. తర్వాత దాన్ని సొంతంగా మార్చుకుంటూ పోయారు, పేరు మాత్రం ఫుట్‌బాలే ఉంచుకున్నారు. మరి మన ఆట ఆడేవాళ్ళు? 1913లో వాళ్ళ సంఘం యునైటెడ్ స్టేట్స్ ఫుట్‌బాల్ అసోసియేషనే. 1945లో పేరులో సాకర్ చేర్చారు, 1974లో గానీ ఫుట్‌బాల్ తీసెయ్యలేదు. ఇన్నేళ్ళు ఆ పేరునే పట్టుకుని వేలాడినవాళ్ళను అన్నయ్య తిట్టడం నాకు నచ్చలేదు. ఐర్లండ్‌లో సొంత గేలిక్ ఫుట్‌బాల్ ఉంది కాబట్టి వాళ్ళూ సాకర్ అంటారు. ఇటలీ వాళ్ళయితే రెండూ వద్దని కాల్చో అంటారు, అంటే తన్ను అని.

ఇక మెల్‌బోర్న్ సంగతి. ఇది చెబితే అన్నయ్య కాదనలేడు. ఆ ఊరి వాళ్ళు తమ ఫుట్‌బాల్ నియమాలు 1859లోనే రాసుకున్నారు. లండన్ వాళ్ళకంటే నాలుగేళ్ళు ముందు! జట్టుకు 18 మంది, కోల మైదానం, కోల బంతి, చేత్తోనూ ఆడొచ్చు. అక్కడ ఫుట్‌బాల్ అంటే ఈనాటికీ అదే. అలాంటి ఊళ్ళో 1956 ఒలింపిక్స్ జరిగాయి. మన జట్టు వెళ్ళింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. మా నాన్న ఆ జట్టు గురించి చెప్పడం మొదలుపెడితే కంచంలో అన్నం చల్లారిపోయేది.

మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4–2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా వెళ్ళిన మొదటి ఆసియా జట్టు మనదే. కంచు పతకం కోసం డిసెంబరు 7న బల్గేరియాతో ఆడి ఓడిపోయారు. ఆ రోజు ఆ మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లోనే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ప్రదర్శనగా పెట్టారు. ఒకే మైదానం, ఒకే రోజు, రెండు ఫుట్‌బాళ్ళు! అక్కడి జనానికి మనవాళ్ళు ఆడింది సాకర్. ఆ మాటతో మన ఆట చిన్నబోయిందా చెప్పు?

ఆ జట్టులో ఎవరున్నారనుకున్నావు? మన అమ్ముగూడ పిల్లవాడు. తులసీదాస్ బలరాం. 1936లో ఇక్కడే పుట్టాడు. అప్పటికి నిండా ఇరవై ఏళ్ళు. ఇక్కడి నుంచి సాధన కోసం ఫతే మైదాన్‌కు రోజూ వెళ్ళే స్తోమత లేకపోతే, సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చేవారట. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్టు గోలీ పీటర్ తంగరాజ్ కూడా సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి పైకొచ్చినవాడే. క్షయ రావడంతో ముప్పై ఏళ్ళు నిండకుండానే బలరాం ఆట ఆపేయాల్సి వచ్చింది. బెంగాల్‌లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడే పోయాడు. కలకత్తాలో ఆయన ఆడిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అభిమానులు ఆయన పేరు తలుచుకుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. మన వీధిలో ఎంతమందికి తెలుసు వదినా? మీ మనవడిని అడిగి చూడు, మెస్సీ చెప్పులు కుట్టే కంపెనీ పేరు కూడా చెబుతాడు గానీ బలరాం ఎవరంటే నీ మొహం చూస్తాడు. నాకు కడుపు రగిలిపోయేది అక్కడ. ఫుట్‌బాలా సాకరా అని అర్ధరాత్రి దాకా అరిచిన ఇద్దరి నోటా ఒక్కసారి కూడా ఆ పేరు రాలేదు.

పేరు పోయిందని బాధపడాలంటే ఇంకోటీ ఉంది. గచ్చిబౌలిలో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తుందా? 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది, ఆ రాత్రి వీధిలో టపాకాయలు కూడా కాల్చారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి వెళ్ళిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మన ఊరి పేరు జెర్సీ మీద నుంచి లేచిపోయింది. దానికి ఎవరూ డాబా ఎక్కి అరవలేదు.

అందుకే నిన్ను పిలిచింది. సెలవుల్లో మన కాలనీ పిల్లలకు పెట్టే పోటీలకు ప్రతిసారీ "సమ్మర్ కప్" అని బ్యానర్ కడుతున్నారు కదా. ఈసారి దాన్ని బలరాం కప్ అందామని అన్నయ్యతో చెప్పు. ఆయన సంఘంలో ఉన్నాడు, ఆయన మాట వింటారు. బ్యానర్ ఖర్చు నేను పెట్టుకుంటా. కింద ఫుట్‌బాల్ అని రాయిస్తాడో సాకర్ అని రాయిస్తాడో ఆయనిష్టం, బలరాం పేరు మాత్రం దూరం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.