మధ్యాహ్నం దాకానే గడువు

2020 మార్చి 25, ఉగాది. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధాని 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్లవారి మా హాస్టల్ ఆంటీ మెట్లెక్కి వచ్చి గదిగదికీ చెప్పింది. "బిడ్డా, వంటామె ఊరికి వొయింది. కూరగాయలు దొరుకుతలేవు. బయటోళ్లను ఉంచుకోవద్దని గల్లీలోళ్లు లొల్లి జేస్తున్రు. మధ్యాహ్నం దాంక జూస్త, అందరు ఖాళీ చేయుండ్రి."

ఆదిభట్లలో నా ఉద్యోగం. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు దగ్గరి సందులో త్రీ షేరింగ్ గది. ఒకవైపు మంగల్‌పల్లి, శేరిగూడ ఇంజినీరింగ్ కాలేజీలు, మరోవైపు ఆదిభట్లలో టీసీఎస్, టాటా ఏరోస్పేస్ వచ్చాక అక్కడ ఎన్నో ఇళ్లు హాస్టళ్లయ్యాయి. కాలేజీలు మార్చి మధ్యలోనే మూతపడి పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు. ఉద్యోగాలవాళ్లం మిగిలాం.

మంచం వాళ్లది, పరుపు వాళ్లది, బీరువా వాళ్లది. నావి రెండు బ్యాగులు, ఒక బకెట్టు, దుప్పటి. ఏ సామానూ కొనక్కర్లేదని సంబరపడే చేరాను. చేరడం ఎంత తేలికో, బయటికి పంపడమూ అంతే తేలికని ఆ రోజు తెలిసింది. మెస్‌లో గోడకు బోర్డు ఉండేది: ఖాళీ చేసేవారు నెల ముందు చెప్పవలెను, లేనిచో అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. ఆ నెల గడువు మాకే గానీ వాళ్లకు లేదు. అడ్వాన్సు అడిగితే "తర్వాత ఫోన్‌పే జేస్త" అంది.

పోలీస్ స్టేషన్ దగ్గర లైన్లో నిలబడి ఊరెళ్లడానికి కాగితం రాయించుకున్నాం. నాది మాచర్ల దగ్గరి పల్లె, నేను అక్కా అని పిలిచే రూమ్మేట్‌ది మార్కాపురం. అడిగినంత ఇచ్చి కారు మాట్లాడుకున్నాం. యాచారం, మాల్, కొండమల్లేపల్లి, పెద్దవూర... దారిలో ఒక్క టీ కొట్టు తెరిచి లేదు. ఆపిన ప్రతిచోటా కాగితం చూసి వదిలారు. చీకటి పడ్డాక సాగర్ కొత్త వంతెన దగ్గర ఆంధ్రా పోలీసులు ఆపేశారు. "ఇది తెలంగాణ కాగితం, ఇక్కడ చెల్లదమ్మా. పైనుంచి ఆర్డర్ లేదు."

ఆ రాత్రంతా కారులోనే. అక్కకు ఆ రోజే నెలసరి వచ్చింది. మరుగుదొడ్డి లేదు, నీళ్లు సీసాలో అడుగున ఉన్నాయి. రాళ్ల మధ్యకు వెళ్లి తను బట్టలు మార్చుకుంటుంటే నేను చున్నీ అడ్డం పట్టుకుని నిలబడ్డాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అక్క మాత్రం ఒక్క మాట అనలేదు. విజయవాడ దారిలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వేలమంది మాలాగే నిలిచిపోయారని ఫోన్లలో చూస్తున్నాం. హాస్టళ్లు ఖాళీ చేయించొద్దని మంత్రి కేటీఆర్ చెప్పిన మాటా అప్పుడే చూశాం.

తెల్లవారుజామున నాన్న బండి మీద వంతెన అవతలి కొసకు వచ్చారు. మధ్యలో బారికేడ్లు. ఫోన్లో "తెల్ల కారు పక్కన నిలబడ్డది నువ్వే గదమ్మా, కనపడుతున్నావులే" అన్నారు. అమ్మ కట్టిచ్చిన భక్ష్యాల డబ్బా ఆయన చేతిలోనే ఉండిపోయింది. పోలీసాయన్ని బతిమాలారు, ఆయనా ఏమీ చేయలేకపోయాడు. "వెనక్కే వెళ్లు తల్లీ, ఎండెక్కకముందే" అని నాన్నే చెప్పారు.

ఇబ్రహీంపట్నం చేరేసరికి హాస్టల్ గేటుకు తాళం. ఆంటీ ఫోన్ ఎత్తలేదు. 100కు ఫోన్ చేస్తే ఒక కానిస్టేబుల్ వచ్చి మాట్లాడి తాళం తీయించాడు. వంట లేదు, మోటారు రోజుకు ఒక్కసారే వేసేది. వాడొద్దని అంతకుముందు లాక్కున్న రైస్ కుక్కర్ ఆంటీయే తెచ్చిచ్చింది. దాన్లో అన్నం వండుకుని పచ్చడితో తిన్నాం. ఆమె చెడ్డదని నేను అనను. భయపడింది. కానీ ఆమె భయానికి మేం రోడ్డున పడాల్సి రావడం న్యాయం కాదు.

విద్యార్థులను, కూలీలను ఇళ్లు ఖాళీ చేయిస్తే చర్య తప్పదని కేంద్రం మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. అది విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చింది, ఆ కాలానికే. మామూలు రోజుల్లో మాకేముంది? కిరాయిదారులకు రక్షణగా ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, హోటల్లో గదినీ భోజన వసతి గృహంలో గదినీ దాని పరిధి నుంచి తీసేసింది. 2024లో జీఎస్టీ కౌన్సిల్ మాత్రం, 90 రోజులకు తగ్గకుండా ఉండేవారి హాస్టల్ వసతికి నెలకు 20 వేల వరకు పన్ను మినహాయించింది. పన్ను లెక్కలో మా మంచాన్ని నివాసమని ఒప్పుకున్నవాళ్లు, ఖాళీ చేయించేటప్పుడు కూడా ఒప్పుకోవాలి. కనీసం నెల గడువు, కాగితం మీద, రెండు వైపులా.

ఇప్పుడు బొంగుళూరు వైపు ఉంటున్నాను. ఖాళీ చేయించాలంటే నెల ముందు చెప్తామని, అడ్వాన్సు అదే రోజు తిరిగిస్తామని రాసిచ్చేవాళ్ల కోసం చాలా హాస్టళ్లు తిరిగాను. "అంత నమ్మకం లేకపోతే ఎట్లమ్మా" అన్నవాళ్లే ఎక్కువ. చివరికి ఒకామె తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టింది. దాన్ని ఫోటో తీసి అక్కకు పంపాను. తను కూడా వాళ్ల హాస్టల్లో అడుగుతానంది.