కాలువకు ఎదురుగా



2016లో మండల కేంద్రమైన మా మాడుగులపల్లి నుండి నెలకొక శనివారం మా సంఘ యౌవనస్థులతో కలిసి సైకిళ్లపై వెళ్లడం మాకు అలవాటు. దారి ఎప్పుడూ ఒకటే. ఊళ్ల మధ్య మట్టిబాటన దిగువకు జారి, సాగర్ ఎడమ కాలువ కట్ట ఎక్కి, నీటితోపాటు వేములపల్లి చేరి, అద్దంకి రహదారిన ఇల్లు చేరడం. ఈసారి పిల్లలు తిరగేసి పోదామన్నారు. జ్ఞానులైతే దేవుడు హెచ్చరించబట్టి మరో దారి పట్టారు, మాకు మాత్రం సరదాయే కారణం.

ఇద్దరికి గేర్ల సైకిళ్లున్నవి. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో కుర్రాళ్లు పాత సైకిళ్లపై దొర్లుకుంటూ దిగిన ఆట నుండి పుట్టినవట ఇవి. మిగతా వారివి పాలక్యాన్లు మోసే సైకిళ్లే.

వేములపల్లి దగ్గర కట్ట ఎక్కగానే పడమటి గాలి ముఖానికి కొట్టింది. ఎన్నడూ వెన్ను తట్టి పంపే గాలే ఇది! 1967 ఆగస్టులో తొలిసారి నీరు పారిన ఈ కాలువ కంటికి ఆనని వాలుతో సాగుతుంది. కృష్ణ వైపు పల్లమంతా వరి. ఎగువన ఎక్కువగా మెట్ట, పత్తి, బత్తాయి తోటలు. నీటితో పోతున్నప్పుడు నీరు కదిలినట్టే ఉండదు. ఎదురు వస్తుంటే దాని పరుగు చూచి భయమేసింది. చిన్నవాళ్లను అంచుకు రానీయలేదు.

కట్ట దిగి ఊరివైపు తిరిగితే అంతా ఎగుడే. ప్రతినెలా బ్రేకు పట్టకుండా దిగే ఆ చోట సైకిళ్లు దిగి తోసుకుంటూ నడిచాము. సగం దూరంలో చింతచెట్టు క్రింద మేము గోడ వెనుక భాగమే ఎరిగిన ఇల్లు. దాని వాకిలి పల్లం వైపుకున్నది. అరుగు మీద మా సంఘపు అవ్వ కూర్చున్నది!

రెండేండ్లుగా మందిరానికి రాకపోతే పట్నంలో కొడుకు దగ్గరికి పోయిందనుకున్నాము. ఎవరు చెప్పారో గుర్తు లేదు. మేమెవరమూ విచారించలేదు. మోకాళ్లు పట్టేసి, ఊళ్లోని ఇల్లు విడిచి, చెలకలోని ఈ ఇంట్లో కూతురితో ఉన్నది.

"నెలనెలా మీ వీపులే సూస్తున్న బిడ్డా. పిలుద్దామని నోరు తెరిచేలోగా కట్ట ఎక్కిపోతరు" అన్నది.

మాలో ఒక్కరికీ మాట రాలేదు. కూతురు చెంబుతో నీళ్లు తెచ్చింది. సంచిలోని బిస్కెట్లు అవ్వ చేతిలో పెడితే, మాకే పంచింది. ప్రార్థన చేయమంటే మా పెద్దాయన గొంతు రెండుసార్లు ఆగిపోయింది. ప్రభువు బల్లలో చేయి వేసి రెండు క్రిస్మసులు గడిచాయని ఆమె తానుగా చెప్పలేదు, కూతురు చెప్పింది.

సంగతి విని పాస్టరుగారు వచ్చే శనివారం తానూ సైకిలెక్కుతానన్నారు, రొట్టె, పాత్ర సంచిలో పెట్టుకొని. ఎగుడు తోయలేరని పిల్లలు నవ్వుతున్నారు. అవ్వ మాత్రం అరుగు మీద గొంగడి పరచి ఉంచుతానన్నది.