అజ్ఞాత దాత

ఎప్‌స్టీన్ దర్యాప్తు పత్రాల్లో లోకం పేర్లు వెదుకుతోంది. పేర్లకన్నా తేదీలే ఎక్కువ చెబుతాయి. 2007లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు బాధిత బాలికలకు తెలియనివ్వకుండా అతడి న్యాయవాదులతో ఒప్పందం కుదుర్చుకున్నారు. 2008లో శిక్ష పడింది. 13 నెలలకే విడుదలయ్యాడు. ఆ తరువాత హార్వర్డ్‌కు 40కి పైగా సార్లు వెళ్లాడు. ఎంఐటీ స్వీకరించిన 10 విరాళాల్లో 9 శిక్ష తరువాతివే. ప్రచారం చేయరాదన్న షరతుపై అలాంటి విరాళాలకు 2013లో అక్కడి ఉన్నతాధికారులు అనుమతించారు. నా దృష్టిలో ఆ షరతే అసలు సాక్ష్యం: తెలియక తీసుకున్నవారు దాత పేరు దాచరు. న్యాయవాదులు శిక్షను కుదించారు. విద్యావంతుల సాంగత్యం మచ్చను కడిగింది. ఇందులో చాలా భాగం ఏ శిక్షాస్మృతి ప్రకారమూ నేరం కాదు. అందుకే పత్రాలు ఎన్ని బయటపడినా నాటి బాలికలకు దక్కుతున్నది న్యాయం కాదు, మన కుతూహలం మాత్రమే.