కూలియు కృపయు

పని చేసినవానికి ఇచ్చునది కూలి. ఏమియు చేయనివానికి ఇచ్చునది కృప. ఈ భేదము వినుటకు ఎంత సులభమో నమ్ముటకు అంత కష్టము.

పోచారమునకు కొలది క్రోసుల దూరముననే మెదకు పెద్ద చర్చి యున్నది. పాస్నెట్ దొర దానికి 1914వ సంవత్సరమున పునాది వేయించెను. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. క్షామమున ఆకొన్నవారికి పని చూపి తిండి పెట్టుటకై ఆ కట్టడము సాగెనని ప్రసిద్ధి. ఆ కాలముననే, 1916 మొదలు 1922 వఱకు, నిజాము ప్రభుత్వమువారు ఆలేరు వాగునకు అడ్డముగా మా పోచారపు ఆనకట్టను కట్టించిరి. రెండు చోట్లను రాళ్లు మోసినది కూలివాండ్రే.

చర్చికట్టడములో దొరకిన ఆ తిండిని కొందఱు దొరగారి కృప యందురు. మఱికొందఱు కూటికొఱకు మతము పుచ్చుకొనిరని గేలిసేయుదురు. ఈ రెండు మాటలును మాకు సమ్మతములు కావు. ఎండలో రాయి మోసినవాడు తిన్నది తన చెమటకు వెల. దానిని కృప యనుట వానికిని అన్యాయమే, కృపకును అన్యాయమే.

మఱి కృప యేది? మనుష్యుడు తన పుణ్యముచేత దేవుని ఋణస్థునిగా చేసికొనజాలడనియు, క్రీస్తు మరణమువలన కలిగిన క్షమను ఉచితముగా పొందుననియు క్రైస్తవుల సిద్ధాంతము. విశ్వాసము సహితము దానికి వెల కాదు, చాచిన చేయి మాత్రమే. సత్క్రియలు దాని వెనుక వచ్చును. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో ఈ కూలికిని దానమునకును గల భేదమునే యెత్తి వాదించెను. తల్లిని తానే పట్టుకొను కోతిపిల్ల, తల్లి నోట కఱచుకొనిపోవు పిల్లిపిల్ల యను పోలికలతో శ్రీవైష్ణవులలో వడగలలును తెంగలలును ఇట్టి చర్చయే చేసిరి గనుక, ఈ ప్రశ్న మన దేశమునకు క్రొత్త కాదు.

చెఱువు గట్టుమీద ఒక వృద్ధ క్రైస్తవుడు మాతో, "మా తాత గుడికి రాయి మోసిండు. దేవుని దగ్గర మాకు జరంత హక్కు లేదా?" అనెను. తాతగారి కూలి తాతగారికి ముట్టినది గదా యంటిమి.

"అట్లయితె నిన్న బాప్తిస్మం తీసుకున్నోనికి, నాకు ఒక్కటే పాలా?"

ఒక్కటే యంటిమి. ద్రాక్షతోటలో సాయంకాలము వచ్చినవానికిని పూర్తి కూలి యిచ్చిన యజమానుని కథను ఆయన ఎన్నిమాఱులో విని మెచ్చినవాడే. అది తన పాలికి వచ్చునప్పటికి మెప్పు తగ్గినది.

అప్పుడాయన మనుమరాలికి సంబంధములు చూచుచుండెను. ఆ నిన్నటి విశ్వాసి కులము వేఱు. అతని యింటి పిల్లవానిని చూడరాదా యని మేమడిగితిమి.

"అది వేరే ముచ్చట," అని ఆయన కండువా దులుపుకొని లేచెను.