మా ఇంటి శక్తిమాన్

శక్తిమాన్ అనగానే మీకేం గుర్తొస్తుంది చెప్పండి? 1997లో దూరదర్శన్‌లో మొదలైన సీరియల్, గిరగిరా తిరుగుతూ వచ్చే ముఖేష్ ఖన్నా, పనులన్నీ మానేసి టీవీకి అతుక్కుపోయిన పిల్లలు. అంతే కదూ? మా ఇంట్లో శక్తిమాన్ అంటే ఆయన కాదండీ. మా కొబ్బరితోటలో రేకుల షెడ్డు కింద ఉండే పాత మిలిటరీ లారీ. దాని టైరు నిలబెడితే నా నడుం దాటి ఉంటుంది. ఆదివారం పూట దానికి గ్రీజు పెట్టేది ఎవరనుకున్నారు? నేనే. నమ్మండి, నమ్మకపోండి.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. మిలిటరీ మాధవరం మాకు దగ్గరే. ఇంటింటా సైనికులున్న ఊరని పేరు దానికి. ఆ గాలి మా ఊరికీ సోకింది. మావారు 1993లో, 19 ఏళ్ళ వయసులో ఇ.ఎం.ఇ.లో చేరారు. అంటే సైన్యంలో బళ్ళూ యంత్రాలూ బాగుచేసే విభాగం. సికింద్రాబాదు తిరుమలగిరిలో క్వార్టర్స్ దొరికిన మూడేళ్ళూ తప్పితే నా కాపురమంతా ఉత్తరాల్లోనూ ఫోన్లలోనూ గడిచింది. 24 ఏళ్ళ సర్వీసు పూర్తిచేసుకుని 2017లో హవల్దారుగా ఇంటికొచ్చారు.

వచ్చారే గాని, ఇంట్లో ఉన్నట్టుండేవారు కాదు. విజయవాడలో ఒక అపార్ట్‌మెంటుకి సెక్యూరిటీ పనికి కుదిరారు. ఒకరోజు అక్కడ కాలేజీ కుర్రాడెవడో కారు గేటు తీయడం ఆలస్యమైందని “ఒరేయ్” అన్నాట్ట. మర్నాడే సంచీ సర్దుకుని వచ్చేశారు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని రోడ్డుకేసి చూడటమే పని. అన్నం పెడితే తినేవారు, లేకపోతే అడిగేవారు కాదు. బి.పి. పెరిగింది. డాక్టరుగారు మాత్రలు రాసి, “ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమనండమ్మా” అన్నారు. ఆ వ్యాపకం లారీ రూపంలో వస్తుందని నేను కలగన్నానా?

2019 వేసవిలో రంపచోడవరం వైపు పెళ్ళికని వెళ్ళిన మనిషి, అక్కడ కలప లాగడానికి వాడి చెట్ల కింద వదిలేసిన శక్తిమాన్‌ని చూసి బేరం చేసుకుని వచ్చారు. లక్షా నలభై వేలు! దాన్ని ఇంకో బండి మీద ఎక్కించి తేవడానికి మరో 18 వేలు. ఆ డబ్బు ఎక్కడిది? అమ్మాయికి రెండు జతల బంగారు గాజులు చేయిద్దామని నేను రూపాయి రూపాయి కూడబెట్టింది. చెప్పొద్దూ, మూడు వారాలు ఆయనతో మాట్లాడలేదు. అమ్మలక్కలు ఊరుకుంటారా? “ఏం వదినా, మీ ఆయన మళ్ళీ యుద్ధానికి వెళ్తున్నాడా?” అని నవ్వులు. తల ఎత్తుకోలేకపోయాను.

ఇంతకీ ఆ బండి కథేమిటో చెప్పాలి. జర్మనీకి చెందిన మాన్ అనే కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్ గన్ కారేజ్ ఫ్యాక్టరీలో ఈ లారీల తయారీ మొదలైంది. శక్తిమాన్ పేరు చివర ఆ ‘మాన్’ భలే కుదిరింది కదూ! తర్వాత అక్కడే 1969లో వెహికల్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. 1965, 1971 యుద్ధాల్లో మన జవాన్లనీ, బియ్యం బస్తాలనీ, మందుగుండునీ మోసింది ఈ బళ్ళే. 1996లో తయారీ ఆపేశారు. తర్వాత అశోక్ లేలాండ్ వారి స్టాలియన్, టాటా వారి లారీలు దాని చోటు తీసుకున్నాయి. మావారు సర్వీసులో చేతికి నూనె అంటించుకుని పని నేర్చుకున్నది శక్తిమాన్ మీదే. అందుకే ఆ చెట్ల కింద దాన్ని చూసి కాళ్ళు కదల్లేదట.

వచ్చిన రోజు దాని అవతారం చూడాలి! అడుగు చెక్కలు పుచ్చిపోయాయి. సీటులో ఎలుకల కాపురం. డీజిల్ టాంకు అడుగున తారులాంటి మడ్డి. ఆరేళ్ళుగా కదలకపోవడంతో ఇంజను బిగుసుకుపోయింది. ఎవరైనా అయితే బలవంతంగా తిప్పి విరగ్గొట్టేవారేమో. ఈయన ఇంజక్టర్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్లో కొంచెం డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి వదిలేశారు. ఆవకాయ ఊరబెట్టినట్టు ఊరబెట్టారన్నమాట. తొమ్మిదో రోజున పెద్ద రెంచీ వేసి చేత్తో మెల్లగా తిప్పితే కదిలింది. ఆ సాయంత్రం ఆయన అడగకుండానే రెండోసారి అన్నం వడ్డించుకున్నారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

అక్కడినుంచి నా వంటిల్లు మీద దండయాత్ర మొదలైంది. పండక్కి అరిసెల పాకం పట్టే నా పెద్ద సత్తు బేసిన్ కనబడలేదు. తీరా చూస్తే కిరసనాయిల్లో బోల్టులు నానబెట్టి ఉన్నాయి! నాకు ఏడుపొక్కటే తక్కువ. “ఏవండీ, ఇంకేం మిగిల్చారు?” అని అరిచాను. ఆయన తల దించుకుని, “ఖాళీ సీసాలుంటే నాలుగు ఇస్తావా?” అన్నారు. మూడు వారాల తర్వాత మా మధ్య నడిచిన మొదటి సంభాషణ అదే.

ఇచ్చాను. ఊరికే ఇవ్వలేకపోయాను. పచ్చళ్ళ సీసాల మీద కాగితం అంటించి పేరూ తేదీ రాయడం నా అలవాటు. అలాగే ఏ భాగంలోంచి విప్పిన బోల్టులు ఆ సీసాలో వేసి, పేరు రాసి వరసగా పెట్టాను. ఆయన అటకలోంచి తీసిన నోటు పుస్తకంలో రోజూ ఏం చేశారో రాయడం కూడా నా మీదే పడింది. సైన్యంలో ప్రతి బండికీ ఇలా ఒక పుస్తకం ఉంటుందట. ఎడమ పేజీలో పాలు, కూరగాయల లెక్క, కుడి పేజీలో లారీ లెక్క. ఇంజక్టర్లు, డీజిల్ పంపు విజయవాడ ఆటోనగర్‌లో బాగుచేయించాం. దొరకని భాగాలు అక్కడే లేతు మీద చేయించాం. అడుగు చెక్కలకి మా ఎడ్లబండి వడ్రంగి తుమ్మచెక్క వేశాడు.

2020లో భోగికి ముందు ఆదివారం తెల్లవారుజామున స్టార్ట్ చేశారు. రెండుసార్లు గురకపెట్టి ఆగిపోయింది. మూడోసారి తెల్లటి పొగ కక్కి, తోటంతా దద్దరిల్లేలా అందుకుంది. కొబ్బరిచెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి అలా కూర్చుని ఉన్నారు. దిగి, చేతులు కడుక్కుని, “కూర్చో, నేను కాఫీ పెడతా” అన్నారు. పెళ్ళయిన 22 ఏళ్ళకి ఆ మాట వినడం అదే మొదలు. కాఫీలో పంచదార ఎక్కువైంది లెండి.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. పిల్లలూ ఇంట్లోనే. అందరం తుప్పు గీకాం, ఎర్ర ప్రైమర్ పూశాం. రంగు దగ్గరకొచ్చేసరికి మా అబ్బాయి మిలిటరీ పచ్చే వేయాలని పట్టుపట్టాడు. ఆయన ఒప్పుకోలేదు. రక్షణ శాఖ బళ్ళు తప్ప మరేవీ ఆ ఆలివ్ పచ్చ రంగు వేసుకోకూడదని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉందట. “తోట దాటని బండిని ఎవరు చూస్తారు నాన్నా?” అన్నాడు వాడు. “యూనిఫాం విప్పాక మళ్ళీ తొడుక్కోకూడదురా. బండికైనా అంతే” అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతులో బాధ ఉంది గాని, అరుగు మీద కూర్చున్న రోజుల్లోని చేదు లేదు. రంగు నన్నే చెప్పమన్నారు. గోదావరి ఇసుక రంగు అన్నాను. అదే వేశాం.

అసలు నేను మీకు చెప్పదలుచుకున్నది ఇది. బండి బాగుచేయడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం ఒక ఎత్తు. వారం వారం ఆయిలూ నీళ్ళూ చూడాలి. టైర్లలో గాలి, బ్యాటరీ చూడాలి. గ్రీజు గన్నుతో ప్రతి కీలుకీ గ్రీజు ఎక్కించాలి. ఇంజను బాగా వేడెక్కేదాకా నడపాలి. రెండు నిమిషాలు తిప్పి ఆపేస్తే లోపల తేమ చేరి ఇంకా చేటు. ఇంత చేసినా పైకి ఏమీ కనపడదు. ఒకరోజు గుడ్డతో తుడుస్తూ ఆయన అన్నారు: “బండి నడిచినన్నాళ్ళూ మెకానిక్ ఎవరికీ గుర్తుండడు. ఆగిపోయిన రోజునే గుర్తొస్తాడు.” నా నోరు ఊరుకుంటుందా? “కూరలో ఉప్పు తక్కువైన రోజునే నేను గుర్తొచ్చినట్టు” అన్నాను.

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. కాసేపటికి, “నువ్వు రోజూ ఎన్నింటికి లేస్తావు?” అని అడిగారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎండలోనూ మంచులోనూ ఆయన అన్నేళ్ళు చేసిన పని ఏమిటో నేనూ ఏనాడూ అడగలేదని అప్పుడే తట్టింది. ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం, వేరే వేరే చోట్ల చేశామంతే.

2023 వానాకాలంలో మా మరిదికి ఆపరేషన్ అయితే ఆయన సాయానికి విశాఖపట్నం వెళ్ళి 5 వారాలు ఉండిపోయారు. రెండో ఆదివారం నేనే బండెక్కాను. అందుకుని, టపటపమని ఆగిపోయింది. ఫోన్ చేద్దామని చెయ్యి చాపి ఆగాను. బోరు మోటారు పైపులో గాలి చేరితే నీళ్ళు ఎత్తదు చూడండి, డీజిల్ బండికీ అదే రోగం. ఫిల్టరు మీది మర వదులు చేసి, చేతిపంపు కొడుతూ ఉంటే నురగా బుడగలూ వచ్చాయి. బుడగలు ఆగి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా కొట్టి మర బిగించాను. ఈసారి ఆగలేదు. పుస్తకంలో తేదీ వేసి రాశాను. తిరిగొచ్చాక ఆయన ఆ పేజీ చదివి, కింద పొట్టి సంతకం పెట్టారు. పెద్ద ఆఫీసరు తనిఖీ చేసినట్టు! ఎడమ పేజీలో పాల లెక్క కింద కూడా పెట్టారు.

ఈ పని నేర్పిన చిట్కాలు కొన్ని మీకూ పనికొస్తాయి. బిగుసుకున్న బోల్టుని బలంతో తిప్పకండి. కిరసనాయిలు రాసి రాత్రంతా వదిలేయండి. గేటు బందులకి వానలు రాకముందే గ్రీజు రాయండి. చేతికంటిన గ్రీజు సబ్బుకి పోదు. కొబ్బరినూనెలో పంచదార కలిపి రుద్దుకుని, శనగపిండితో కడిగేయండి. ఇక జాకీ మీద ఎత్తిన బండి కింద, గట్టి దిమ్మల ఆసరా లేకుండా మీవారిని దూరనివ్వకండి.

గాజుల సంగతేమైందంటారా? రెండు జతలనుకున్నవి ఒక జతే అయ్యాయి. అమ్మాయి ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ లెక్క మనసులో ఇంకా పూర్తిగా తేలలేదు, అబద్ధమెందుకు? కానీ అరుగు మీది ఆ మనిషి ఇప్పుడు పొద్దున్నే లేచి, “గ్రీజు అయిపోయింది, జీలకర్ర కూడా అయిపోయిందా?” అని అడిగి మరీ బజారుకి వెళ్తున్నారు. జీలకర్ర అయిపోయిందని నేను చెప్పకుండానే ఆయనకి తెలుస్తోందంటే, ఆ గాజుల్లో కొంతైనా తిరిగొచ్చినట్టే కదండీ?