పెచ్చెరువు దాటాక

ఉగాదికి శ్రీశైలం నడిచిపోవడం మా పెద్దేముల్ వైపు కొన్ని ఇళ్ళలో తాతలనాటి మొక్కు. కర్ణాటక మాకు దగ్గర. తాండూరు బజారులో నిలబడితే తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ చెవిన పడతాయి. అందుకే శివరాత్రికి కాకుండా ఉగాదికి, కన్నడ భక్తులతో కలిసి నడిచే అలవాటు మా ఇంటికి వచ్చింది. వాళ్ళు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా చూసుకుంటారు. ఆమెకు పండుగ పూట పసుపు కుంకుమ, చీరె ఇచ్చి రావడానికి రాయచూరు, బాగల్‌కోట్, బెళగావి వైపు నుంచి రోజుల తరబడి నడిచి వస్తారు. మేము కర్నూలు మీదుగా ఆత్మకూరు దాకా బస్సులో పోయి, అక్కడ వాళ్ళతో కలుస్తాం. వెంకటాపురం దాటితే ఇక అడవే. నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. దాదాపు 40 కిలోమీటర్ల నల్లమల. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి భక్తుల కోసం కొండకు మెట్లు కట్టించాడని చెప్పుకుంటూ పైకి ఎక్కుతాం.

ఆ అడవిలో చైత్రమాసం అంటే ఆకురాలిన చెట్లు, కాలిన బండలు. వాగులు ఎండి ఉంటాయి. పండుగ రోజుల్లో దారిలో చలివేంద్రాలు పెడతారు, ట్యాంకర్లు వస్తాయి, పుణ్యాత్ములు మజ్జిగ పోస్తారు. కానీ బండి పోయే దారి ఉన్నంతవరకే ఆ నీళ్ళు. తర్వాత ఎవరి భుజాన ఉన్నది వాళ్ళదే. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, దుప్పటి, నీళ్ళ సీసాలు, అన్నిటికన్నా బరువు నీళ్ళే. లీటరుకు కిలో.

ఒక ఏడు మాతో మా కాక, చిన్నమ్మ కూడా వచ్చారు. కాక మా నాన్న తమ్ముడు. అరవై దాటినా పొలంలో మాకన్నా ముందు నడిచే మనిషి. నాగలూటి దగ్గరే కడుపులో తిప్పుతోందన్నాడు. పెచ్చెరువులో కాస్త నిమ్మళించింది. ఎండకు భయపడి అందరూ రాత్రిపూటే నడుస్తారు కాబట్టి మేమూ నడిచాం. పెచ్చెరువు దాటి, భీముని కొలనుకు ఇంకా చాలా దూరం ఉండగా కాకకు విరేచనాలు మొదలయ్యాయి. మొదట చెట్టు చాటుకు పోయి వచ్చాడు. తర్వాత పోవడానికి కూడా ఓపిక లేకపోయింది. వచ్చేదంతా బియ్యం కడుగు నీళ్ళు. వాంతులు కూడా కలిశాయి.

అది ఏ నీళ్ళ వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కలరా లాంటి జబ్బు నీరు తాగిన కొన్ని గంటల్లోనైనా బయటపడుతుంది, ఐదు రోజులు ఆగి అయినా బయటపడుతుంది. ఆ ఐదు రోజుల్లో మేము తాగిన నీళ్ళలో మా ఊరి నల్లా నీళ్ళు ఉన్నాయి, బస్టాండు నీళ్ళు ఉన్నాయి, దారిలో దయతో పోసిన చెంబుల నీళ్ళు ఉన్నాయి.

తెల్లవారేసరికి కాక కళ్ళు లోపలికి పోయాయి. పిక్కలు పట్టేసి అరిచాడు. చేతి మీది చర్మం వేళ్ళతో పట్టి వదిలితే అలాగే మడత పడి ఉండిపోయింది. అర్ధరాత్రి నుంచి ఒంటికి పోలేదు. నేను పంచె మార్చి తుడుస్తుంటే కండువా మొహం మీదికి లాక్కున్నాడు. "బిడ్డా, నువ్వు జరుగు, నీ మొగుణ్ణి పిలువు" అన్నాడు. నా భర్త అప్పటికే ముందుకు పోయాడు, సాయం తేవడానికి. చిన్నమ్మ కాక తల ఒళ్ళో పెట్టుకుని మల్లన్నను పిలుస్తూ కూర్చుంది. నేనే చేయాలి. చేశాను.

నా సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు ఉన్నాయి. మా ఊరి నర్సమ్మ బయల్దేరేటప్పుడు బలవంతంగా పెట్టినవి. ఒక్కొక్కటి ఒక లీటరు నీళ్ళలో కలపాలి. ఆ పొడి ఏం చేస్తుందో నాకు తెలుసు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టి, రోగుల చుట్టాల చేతనే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు దిగాయి. మందు అంటే అదే, అది నా చేతిలోనే ఉంది. కలపడానికి నీళ్ళు లేవు. మా సీసాలన్నీ రాత్రే కాకకు పట్టేశాం, పట్టినవన్నీ బయటికి వచ్చేశాయి.

కొంచెం కిందికి ఎండిన వాగులో ఎవరో తవ్విన చెలమ ఒకటి ఉంది. ఎంతమంది ముంచుకున్నారో, రాత్రి ఏ జంతువులు తాగిపోయాయో, నీళ్ళు బురదగా, పచ్చగా ఉన్నాయి. కాచుకుందామంటే మంట పెట్టకూడదు. అది పులుల అడవి, ఎండుగడ్డి మోకాళ్ళ దాకా ఉంది, ఒక్క నిప్పురవ్వ చాలు కొండంతా అంటుకోవడానికి. అక్కడ మంట వద్దనడం న్యాయం. ఆ నియమాన్ని ఆ పొద్దున కూడా నేను తప్పు పట్టలేదు.

హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడొకడు మమ్మల్ని చూసి ఆగాడు. వీపు మీద మంచి సంచి, మెడలో నీళ్ళు వడగట్టే స్ట్రా. చాలా మంచి పిల్లవాడు. "ఇదొక్కటి ఉంటే ఏ నీళ్ళయినా తాగొచ్చు అక్కా" అని వెంటనే తీసి ఇచ్చాడు. చెంబులో చెలమ నీళ్ళు తెచ్చి, స్ట్రా కాక పెదాల మధ్య పెట్టాం. దాని లోపలి సన్నని గొట్టాల గుండా నీరు రావాలంటే బలంగా పీల్చాలి. కాక పీల్చలేకపోయాడు. దవడలు కూడా ఆడటం లేదు. పెదాలు బిగించాడు, వదిలేశాడు, మళ్ళీ బిగించాడు, కళ్ళలో నీళ్ళు కూడా రాలేదు. ఆ కుర్రాడు తానే పీల్చి, నోట్లోంచి గ్లాసులో పోసి ఇస్తానన్నాడు. ఎంగిలి అని చిన్నమ్మ వద్దంది. వడగట్టిన నీళ్ళు ఇంకొకరి నోట్లో తిరిగితే మళ్ళీ క్రిములే అని నేనూ వద్దన్నాను. ఆరోగ్యంగా ఉన్న మనిషి తన ఒక్కడి దాహం తీర్చుకోవడానికి తయారైన వస్తువు అది. పడిపోయినవాడికి అది పనికిరాదు. ఆ మాట నాకు ఆ వాగులో, కాక మొహం చూస్తూ తెలిసింది.

మమ్మల్ని దాటిపోతున్న బాగల్‌కోట్ గుంపు మా దగ్గర ఆగింది. అందులో ఒక పెద్దావిడ, ఇల్కల్ చీరె కట్టుకున్నామె, ఒక్క చూపుతో సంగతి గ్రహించింది. మూటలోంచి పాత నూలు చీరె తీసింది. ఉతికి ఉతికి మెత్తబడిన చీరె. దాన్ని మడత మీద మడత వేసి, తమ ఇరవై లీటర్ల క్యాను మూతికి కట్టి, వాళ్ళ మగవాళ్ళ చేత చెలమ నీళ్ళు చెంబులతో పోయించింది. తర్వాత కొంగుముడి విప్పి క్లోరిన్ బిళ్ళ ఒకటి తీసింది. మన దగ్గర ఆశా కార్యకర్తలు వానాకాలంలో బిందెకొకటి చొప్పున పంచే బిళ్ళలాంటిదే. అందులో వేసి మూత బిగించి కదిపింది. నేను పొట్లం చించి సీసా చాపాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "తడీ తంగి, అర్ధ తాసు" అంది. ఆగు చెల్లీ, అరగంట అని.

ఆ అరగంట గురించి రాయడం నాకు ఇప్పటికీ కష్టం. నీళ్ళు కళ్ళెదుట ఉన్నాయి. కాక గొంతు ఎండి చప్పుడు చేస్తోంది. చిన్నమ్మ "పొయ్యవే, ఇంకా ఎంతసేపే" అని నన్ను తిడుతోంది. పొయ్యలేదు. క్లోరిన్ క్రిమిని చంపడానికి ఆ సమయం పడుతుంది. నీళ్ళు మురికిగా ఉంటే క్లోరిన్ బలమంతా ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది కాబట్టే ముందు వడగట్టాలి. ఆమెకు ఈ లెక్క ఎవరు చెప్పారో అడగలేదు. ఆమెకు తెలుసు, అంతే.

తర్వాత చెంచాతో మొదలుపెట్టాను. నిమిషానికో చెంచా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచా. గ్లాసుతో ఇస్తే కక్కేస్తాడు, చెంచాతో ఇస్తే కొంతైనా లోపల నిలుస్తుంది. కుర్రాడు చేతిగడియారం చూస్తూ నిమిషాలు చెప్పాడు. బాగల్‌కోట్ వాళ్ళు దుప్పటిని కర్రకు కట్టి డోలీ చేశారు. ఆగుతూ, చెంచా పోస్తూ, మళ్ళీ లేపుతూ భీముని కొలను దిగి, ఎదురు మెట్లన్నీ ఎక్కి కైలాసద్వారం చేర్చారు. నా భర్త పిలుచుకొచ్చిన బండి అక్కడ ఉంది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. దారిలో తాగించిందే ఇతన్ని ఇక్కడిదాకా తెచ్చిందని అక్కడి డాక్టరమ్మ అంది. సాయంత్రం కాకకు మూత్రం వచ్చింది. చిన్నమ్మ దానికి ఏడ్చింది.

ఊరికి వచ్చాక నీళ్ళ ఫిల్టరు కొనాలని మా గుంపంతా అనుకుంది. దుకాణాల్లో, ఫోన్లలో చూపించే ప్రతి దాని మీదా 99 పక్కన ఎన్ని తొమ్మిదులున్నాయో రాసి ఉంటుంది. నేను వాటిని ఒకే ప్రశ్నతో చూశాను: పీల్చలేని మనిషికి ఇది నీళ్ళు ఇస్తుందా? ఆ ప్రశ్నకు స్ట్రాలు అన్నీ పక్కకు పోయాయి. అతినీలలోహిత దీపం ఉన్న కలాలు కూడా పోయాయి. వాటికి బ్యాటరీ కావాలి, నీళ్ళు తేటగా ఉండాలి, నల్లమల చెలమలో రెండూ కష్టమే. చేత్తో పిండే సీసాలు మంచివే, కానీ ఒక లీటరు పిండేసరికి చేతులు పడిపోతాయి, రోగిని చూసుకునే చేతులూ అవే. చివరికి మేము తీసుకున్నది చెట్టుకొమ్మకు కట్టే సంచి. పైన మురికి నీళ్ళు, మధ్యలో గొట్టాల ఫిల్టరు, కింద శుభ్రమైన సీసా. బరువుకు అదే కారుతుంది. అంతసేపూ మన చేతులు ఖాళీ.

ఆ ఫిల్టరు లోపల సన్నని బోలు గొట్టాల కట్ట ఉంటుంది. కిడ్నీ రోగుల డయాలిసిస్‌లో వాడేది ఇలాంటి గొట్టాలనే. మా ఫిల్టరు గొట్టాల గోడల రంధ్రాలు 0.1 మైక్రాన్. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కలరా క్రిమి మందమే అర మైక్రాన్ దాకా ఉంటుంది కాబట్టి ఆగిపోతుంది. జియార్డియా లాంటివి ఇంకా పెద్దవి. కానీ కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ వైరస్ సుమారు 0.03 మైక్రానే ఉంటుంది, దాటి వచ్చేస్తుంది. వేలమంది నడిచే దారిలో, మనుషుల మలమే నీళ్ళలో కలిసే చోట, ఆ సంగతి వదిలేయడానికి లేదు. అందుకని సంచి నీళ్ళలో కూడా బిళ్ళ వేసి అరగంట ఆగుతాం. కొనేటప్పుడు రంధ్రం సైజు సగటా, గరిష్ఠమా అన్నది కూడా అడగాలి. సగటు 0.1 అంటే కొన్ని రంధ్రాలు అంతకన్నా పెద్దవే.

ఆ సంచిని మా ఊళ్ళోనే వాడి చూశాను. తొలకరి పడ్డాక వాగు ఎర్రగా పారుతుంది. ఆ నీళ్ళు నేరుగా పోస్తే కొన్ని లీటర్లకే గొట్టాలు పూడుకుపోయి చుక్క కూడా రాలేదు. వెనక నుంచి సిరంజితో శుభ్రమైన నీళ్ళు కొడితే మళ్ళీ తెరుచుకుంది. కాస్త పటిక తిప్పి, తేర్చి, చీరె మడతల్లో వడగట్టి పోస్తే బాగా నడిచింది. మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి ఇదే పని చేసేది. పాత చీరె సంగతి కూడా ఊరి నమ్మకం మాత్రమే కాదు. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో రీటా కోల్వెల్ బృందం పాత నూలు చీరెను కనీసం నాలుగు పొరలు మడిచి వడగట్టమని ఊళ్ళవాళ్ళకు నేర్పితే కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో ప్రచురించారు. గుడ్డ రంధ్రాలు క్రిమికన్నా ఎంతో పెద్దవి. అయినా కలరా క్రిమి నీళ్ళలోని సన్నని పురుగులను పట్టుకుని బతుకుతుంది, ఆ పురుగులు గుడ్డలో చిక్కుకుంటాయి. దిగుడుబావుల్లో నారికురుపును మోసిందీ అలాంటి నీటిపురుగులే. గుడ్డతో వడగట్టడం నేర్పి, బావులు మార్చి ఆ జబ్బును మన దేశం పూర్తిగా పోగొట్టింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ధ్రువీకరించింది.

ఇక నేను గట్టిగా చెప్పే జాగ్రత్త ఒకటుంది. మా వైపు నాపరాయి గనుల గుంతల్లో వాన నీళ్ళు నిలుస్తాయి. చూడటానికి అద్దంలా ఉంటాయి, పిల్లలు సంచి తీసుకుపోయి అవే వడగట్టి తాగుదామంటారు. సున్నపురాయి కరిగిన గట్టితనాన్ని ఈ ఫిల్టరు తీయలేదు. ఫ్లోరైడునూ తీయలేదు. కందిచేలకు కాయతొలుచు పురుగు మందు కొట్టిన రోజుల్లో చేల పక్క కాలువలో కలిసే విషాన్నీ తీయలేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పంట మీద మా ఊళ్ళు బతుకుతున్నాయి, మందులు కొట్టడం ఆగదు. నీళ్ళలో కరిగిపోయినదేదీ రంధ్రాలకు చిక్కదు. కాబట్టి పొలాల కింది నీళ్ళు, గని గుంత నీళ్ళు ఎంత తేటగా ఉన్నా సంచిలో పొయ్యొద్దని మావాళ్ళకు చెబుతాను. అడవి చెలమ బురదగా ఉన్నా వాటికన్నా నయం, ఆ బురదకు మన దగ్గర ఉపాయం ఉంది.

కాక మళ్ళీ నడిచాడు. చిన్నమ్మ వద్దన్నా విన్లేదు. ఇప్పుడు మా గుంపుతో చెట్టుకు కట్టే సంచి, రెండు పాత చీరెలు, క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్ఎస్ పొట్లాలు, లీటరు గీత ఉన్న సీసా, చెంచా వస్తాయి. లీటరు గీత ఎందుకంటే నీళ్ళు తక్కువైతే ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. ఈసారి కొత్తగా చేరిన పిల్లలు ఎవరి స్ట్రా వాళ్ళం కొనుక్కుంటామన్నారు, తేలిక, ధర కూడా తక్కువ అన్నారు. కొనుక్కోండి, కానీ ఐదుగురికి ఒక సంచి మాత్రం మొయ్యాల్సిందే అన్నాను. ఎవరు మోస్తారన్నది ఆత్మకూరులో బస్సు దిగకముందే తేలాలి.